తేనెటీగ అడ్రసు చెబితే...

నోరు లేదు. సైగ చేద్దామంటే చుట్టూ చీకటి. మెదడు చూస్తే నువ్వుగింజంత కూడా ఉండదు. అయినా రెండు కిలోమీటర్ల అవతల పూసిన చెట్టు ఎక్కడుందో తోటి ఈగలకు ఇట్టే చెప్పేస్తుంది తేనెటీగ. ఆ మాట మనిషికి అర్థం కావడానికి మాత్రం పాతికేళ్లు పట్టింది. ఆ కథలో ఓ ప్రపంచయుద్ధం ఉంది, ఊడిపోబోయిన ఓ ఉద్యోగం ఉంది, తన మాటే తప్పని ఓ పెద్దమనిషి ఒప్పుకున్న రోజూ ఉంది.

కొత్త ఊళ్లో ఎవరింటికైనా వెళ్లాలంటే ఏం చేస్తాం? కనిపించిన వాళ్లను అడుగుతాం. ‘ఇలా తిన్నగా వెళ్తే రామాలయం వస్తుంది, అక్కడ ఎడమకు తిరిగితే నాలుగో ఇల్లు’ అని చెబుతారు. ఎటు వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి... ఈ రెండూ తెలిస్తే చాలు, ఇల్లు దొరికినట్లే. తేనెటీగ కూడా సరిగ్గా ఈ రెండు ముక్కలే చెబుతుంది. గుడీ బడీ గుర్తులుండవు కాబట్టి సూర్యుణ్ని గుర్తు పెట్టుకుంటుంది. మాటలు రావు కాబట్టి నాట్యం చేస్తుంది!

ఒక ఈగ పూలు చూసొచ్చిన కాసేపటికే పదుల కొద్దీ ఈగలు అక్కడికి చేరడం తేనె తీసేవాళ్లు తరతరాలుగా చూస్తున్నదే. రెండువేల మూడొందల ఏళ్ల కిందట గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడా పట్టుకి తిరిగొచ్చిన ఈగ వెంట మూడు నాలుగు ఈగలు పడుతుంటాయని రాసిపెట్టాడు. ఎందుకలా పడతాయన్నది ఆయనకీ తెలియలేదు. అది తేల్చినవాడు కార్ల్ వాన్ ఫ్రిష్.

నీలం ముక్క

ఫ్రిష్ 1886లో వియన్నాలో పుట్టాడు. వైద్యులూ ప్రొఫెసర్లూ నిండిన కుటుంబం. చిన్నప్పట్నుంచీ జంతువులంటే పిచ్చి. జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి కార్ల్ వాన్ హెస్ అనే కంటివైద్య ప్రొఫెసర్ మాటకు తిరుగులేదు. చేపలకూ పురుగులకూ రంగులు తెలియవని ఆయన తేల్చేశాడు. ఫ్రిష్‌కు ఆ మాట మింగుడుపడలేదు. తేనెటీగకు రంగే తెలియకపోతే పూలకు ఇన్ని రంగులెందుకు?

ఆయన చేసిన పరీక్షను మన పిల్లలు పెరట్లో చేసి చూడొచ్చు. లేత బూడిదరంగు నుంచి నలుపు దాకా రకరకాల ఛాయల్లో కాగితం ముక్కలు బల్లమీద పరిచాడు. మధ్యలో ఒక్క నీలం ముక్క. దానిమీద పెట్టిన గిన్నెలో మాత్రం చక్కెర నీళ్లు. ఈగలు ఆ రుచి మరిగాక గిన్నె ఖాళీ చేశాడు, ముక్కల చోట్లు మార్చాడు. అయినా ఈగలు నీలం దగ్గరికే వచ్చాయి. నిజంగా వాటికి రంగు తెలియకపోతే, నీలం ముక్క ఏదో ఒక బూడిద ముక్కలాగే కనిపించాలి కదా! 1914లో శాస్త్రవేత్తల సభలో అందరి కళ్లముందూ ఈ పరీక్ష చేసి చూపించాడు. పెద్ద ప్రొఫెసర్‌తో వైరం తెచ్చుకోవడం కుర్రవాడికి మంచిది కాదని అన్నవాళ్లూ లేకపోలేదు. ఎరుపు వాటికి కనిపించదనీ, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి మాత్రం కనిపిస్తుందనీ ఆ తర్వాత తేలింది.

చుక్కల ఈగలు

1919లో మ్యూనిక్‌లో ఓ పాత భవనం పెరట్లో ఫ్రిష్ గాజు గోడలున్న తేనెపెట్టె పెట్టాడు. ఒకే ఒక్క తుట్టె, రెండువైపులా అద్దం. లోపల ఏం జరుగుతున్నా కనిపిస్తుంది. చక్కెర నీళ్ల గిన్నెకు వచ్చిన కొన్ని ఈగల వీపుమీద రంగుచుక్క పెట్టి వదిలాడు. గిన్నె ఖాళీ అయింది. ఈగలు పట్టులో ఊరకే కూర్చున్నాయి. మళ్లీ గిన్నె నింపాడు. ఓ చుక్కల ఈగ వచ్చి తాగి వెళ్లి, తుట్టెమీద గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న చుక్కల ఈగలన్నీ ఉలిక్కిపడ్డట్లు లేచి గిన్నె దగ్గరికి పరుగు!

తన జీవితంలో అంతకంటే గొప్ప దృశ్యం చూడలేదనుకున్నాడాయన. ఏ ఈగ ఏదో తెలియడానికి ఐదు రంగుల చుక్కలతో ఓ పద్ధతి కనిపెట్టాడు. చుక్క రంగునిబట్టీ, అది వీపుమీద ఎక్కడుందన్నదాన్నిబట్టీ నంబరు. అలా 599 వరకూ ఈగలకు నంబర్లు వేయొచ్చు. బడిలో హాజరుపట్టీ లాంటిదే.

చూడగా చూడగా ఆ నాట్యంలో రెండు రకాలున్నాయి. ఒకటి గుండ్రంగా తిరగడం. రెండోది ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతూ, మధ్యగీత మీద నడిచేటప్పుడు తోకభాగాన్ని అటూ ఇటూ టకటకా ఊపడం. గుండ్రటి నాట్యమంటే మకరందం దొరికిందని, తోక ఊపితే పుప్పొడి దొరికిందని ఫ్రిష్ 1920ల్లో ప్రకటించాడు. పుస్తకాల్లోకి ఎక్కింది. అందరూ ఒప్పుకున్నారు.

అది తప్పు. ఆ సంగతి ఆయనకే తెలియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

అమ్మమ్మ వంశం

ఈలోగా హిట్లర్ వచ్చాడు. యూదుల రక్తం ఉన్నవాళ్లెవరూ ప్రభుత్వ కొలువుల్లో ఉండకూడదన్నాడు. ప్రతి ప్రొఫెసరూ తాత ముత్తాతల కాగితాలు చూపించాలి. ఫ్రిష్ తల్లికి తల్లి యూదు వంశస్థురాలు. పైగా ఆయన ప్రయోగశాలలో యూదు విద్యార్థులున్నారనీ, వాళ్లను కాపాడుతున్నాడనీ తోటివాళ్లలోనే కొందరు మోశారు. 1941లో ఆయన ‘పావు యూదు’ అని తేల్చి, ఉద్యోగం నుంచి తప్పించాలని నిర్ణయించారు.

ఆయన్ను కాపాడింది ఎవరో తెలుసా? ఓ రోగం! తేనెటీగల పేగుల్లో చేరే నోసెమా అనే పరాన్నజీవి ఆ ఏళ్లలో జర్మనీ అంతటా విజృంభించింది. పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయిపోతున్నాయి. యుద్ధంలో తిండిగింజలే కరవు. తేనెటీగలు పోతే పండ్లతోటలు కాయవు, నూనెగింజలు పండవు. ఈగల గురించి ఫ్రిష్ కంటే తెలిసినవాడు లేడు. మిత్రులు ఆ సంగతి ఆహారశాఖ చెవిన వేశారు. ‘ఈయన పని దేశానికి అవసరం, తొలగింపు సంగతి యుద్ధం అయ్యాక చూద్దాం’ అన్నారు అధికారులు. మనుషుల్ని రక్తాన్నిబట్టి తూకం వేసిన సర్కారు, ఈగల దగ్గరికి వచ్చేసరికి లెక్క మార్చుకుంది.

1944లో బాంబుదాడుల్లో మ్యూనిక్‌లోని ఫ్రిష్ ఇల్లు నేలమట్టమైంది. పరిశోధనశాల దెబ్బతింది. ఆయన పెట్టెల్ని తీసుకుని ఆస్ట్రియాలో వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున ఉన్న సొంతూరు లాంటి బ్రున్‌వింకెల్‌కు చేరాడు. వాళ్ల కుటుంబానికి పాత మర ఉన్న చోటు. అక్కడే, ఓ దేశం కూలిపోతున్న రోజుల్లో, అసలు రహస్యం బయటపడింది.

అప్పటిదాకా ఆయన చక్కెర నీళ్ల గిన్నెను ఎప్పుడూ పెట్టెకు దగ్గర్లోనే పెట్టేవాడు. పుప్పొడి మాత్రం ఈగలు ఎక్కడో దూరాన పూలనుంచి తెచ్చుకునేవి. దాంతో చక్కెరకు గుండ్రటి నాట్యం, పుప్పొడికి తోక నాట్యం అనిపించింది. 1944 వేసవిలో గిన్నెను దూరంగా జరిపి చూస్తే చక్కెర నీళ్లు తాగొచ్చిన ఈగలు కూడా తోక ఊపడం మొదలుపెట్టాయి! ఏం దొరికిందన్నది కాదు, ఎంత దూరంలో దొరికిందన్నదే ఆ నాట్యాల తేడా. ఇరవై ఏళ్లుగా చెప్పిన మాట తప్పని స్వయంగా రాసి ప్రచురించాడాయన. ఆ మరుసటి వేసవికల్లా దిక్కు సంగతీ తేలిపోయింది.

పైకి అంటే సూర్యుడివైపు

ఆ లెక్క ఇదీ. తేనెతుట్టె నిలువుగా వేలాడుతుంటుంది. లోపల చీకటి, సూర్యుడు కనిపించడు. అందుకని ఈగలు ఓ ఒప్పందం చేసుకున్నాయి... తుట్టెమీద ‘నిట్టనిలువుగా పైకి’ అంటే ‘సూర్యుడు ఉన్నవైపు’ అని. తోక ఊపుతూ సూటిగా పైకి నడిస్తే, సూర్యుడికి ఎదురుగా వెళ్లమని. కిందికి నడిస్తే, సూర్యుడికి వీపు పెట్టి వెళ్లమని. నిలువుకు 40 డిగ్రీలు కుడికి వాలి నడిస్తే, సూర్యుడున్న దిక్కుకు 40 డిగ్రీలు కుడికి తిరగమని.

ఇక దూరం. ఎంతసేపు తోక ఊపితే అంత దూరం. ఐరోపా తేనెటీగల్లో అయితే సుమారు ఒక సెకను ఊపిందంటే ఒక కిలోమీటరు దూరమన్నమాట. చీకట్లో ఈ వయ్యారం ఎవరు చూస్తారంటారా? చూడవు. వెనకాలే నడుస్తూ మీసాలతో తడిమి తెలుసుకుంటాయి. రెక్కల రెపరెపల్ని గ్రహిస్తాయి. నాట్యమాడే ఈగ ఒంటికి అంటిన పూలవాసన పీలుస్తాయి. మధ్యమధ్యలో అది తెచ్చిన మకరందం ఓ చుక్క రుచి చూపిస్తుంది. చిరునామాతోపాటు నమూనా కూడా అన్నమాట!

అసలు విచిత్రం ఇంకోటుంది. సూర్యుడు ఒకచోట ఆగడు కదా. గంటలతరబడి పట్టులోనే ఉండి నాట్యం చేసే ఈగలు, బయట సూర్యుడు జరిగినకొద్దీ నాట్యంలో కోణాన్ని తామే మార్చుకుంటూ పోతాయి. కిటికీలోంచి తొంగి చూడకుండానే! ఆకాశం మబ్బుపట్టి ఎక్కడో చిన్న నీలిముక్క కనిపించినా చాలు, ఆ వెలుతురు కంపించే తీరునుబట్టి సూర్యుడెక్కడున్నాడో పోల్చుకోగలవని 1949లో ఫ్రిష్ తేల్చాడు.

నమ్మని మనిషి

పురుగుకు భాషేమిటని పెదవి విరిచిన వాళ్లు చాలామంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త విలియం థోర్ప్ 1948లో స్వయంగా ఆస్ట్రియా వెళ్లి, కళ్లారా చూసి నమ్మాడు. అమెరికాకు చెందిన ఎడ్రియన్ వెన్నర్ మాత్రం 1967లో పెద్ద తేనెతుట్టెనే కదిలించాడు. ఈగ నాట్యం చేస్తుందన్నది నిజమే, కానీ మిగతా ఈగలు దాన్ని చదివి వెళ్తున్నాయని రుజువేదీ, అవి వాసన పట్టుకుని పోతున్నాయేమో అన్నాడు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. నిజంగానే వాసనకు వాటా ఉంది. ఫ్రిష్ పరీక్షల్లో ఆ రెంటినీ పూర్తిగా విడదీయడం కుదరలేదు.

1973లో ఫ్రిష్‌కు నోబెల్ వచ్చేనాటికి ఆ గొడవ ఇంకా సాగుతూనే ఉంది. ఆ బహుమతి ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఒకరు, పావు యూదుడని ఉద్యోగం పోగొట్టుకోబోయిన ఫ్రిష్. రెండోవారు, 1938లో నాజీ పార్టీలో చేరిన కోన్రాడ్ లోరెంజ్. మూడోవారు, యూదు సహోద్యోగుల తొలగింపును వ్యతిరేకించి నాజీల నిర్బంధంలో రెండేళ్లు గడిపిన డచ్చి శాస్త్రవేత్త నికో టింబర్‌గెన్. జంతువుల ప్రవర్తన చదివిన ఆ ముగ్గురి పేర్లూ ఒకే వరసలో చూస్తే మనుషుల ప్రవర్తన గురించీ బోలెడు ఆలోచనలొస్తాయి.

వెన్నర్ సందేహం తీరడానికి ముగ్గురు నలుగురు పట్టుదలగా పనిచేయాల్సి వచ్చింది. అమెరికాలో జేమ్స్ గౌల్డ్ 1975లో ఓ గమ్మత్తు చేశాడు. నాట్యమాడే ఈగల నెత్తిమీది చిన్నకళ్లకు రంగుపూసి, పెట్టెలో దీపం వెలిగించాడు. కళ్లు మూతపడిన ఈగ ‘పైకి’ అంటే సూర్యుడనుకుని నాట్యం చేస్తే, చూసే ఈగలు దీపాన్నే సూర్యుడనుకున్నాయి. చెప్పేదొకటి, విన్నదొకటి! ఈగలు గిన్నె ఉన్నచోటికి కాకుండా, తప్పుగా చదివిన చోటికి పోయాయి. వాసన పట్టుకుని పోయేవే అయితే అలా పోవు కదా. 1989లో డెన్మార్క్‌లో ఏక్సెల్ మిషెల్సన్ బృందం నాట్యం చేసే మరఈగను తయారుచేస్తే, దాని మాట కూడా కొన్ని ఈగలు విన్నాయి. చివరికి 2005లో ఈగల వీపుమీద బుల్లి యాంటెనా అతికించి రాడార్‌తో వెంబడించారు. నాట్యం చూసిన ఈగలు చెప్పిన దిక్కులో చెప్పినంత దూరం సూటిగా ఎగిరి, ఆ తర్వాతే వాసన కోసం వెతుకులాట మొదలుపెట్టాయి. కొన్నింటిని పెట్టె దగ్గర కాకుండా వేరేచోటుకి మోసుకెళ్లి వదిలితే, అక్కణ్నుంచి అదే దిక్కులో అంతే దూరం పోయాయి... ఏమీ లేని చోటికి! అడ్రసు అంత నమ్మకంగా పట్టుకున్నాయన్నమాట.

ఇంతకీ దూరాన్ని ఈగ ఎలా కొలుస్తుంది? దీనికి జవాబు చెప్పినవారిలో ముఖ్యుడు మనవాడే. బెంగళూరులో ఇంజినీరింగ్ చదివి ఆస్ట్రేలియాలో స్థిరపడిన మండ్యం శ్రీనివాసన్. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చెట్లు వెనక్కి పరుగెడుతున్నట్లు కనిపిస్తాయి కదా, ఈగ కూడా అలా వెనక్కి పరుగెత్తే దృశ్యాన్నే లెక్కపెడుతుందని 2000లో ఆయన బృందం తేల్చింది. ఆరుమీటర్లకు పైబడిన ఓ ఇరుకు గొట్టంలో గోడలకు గజిబిజి గీతలు అతికించి ఈగల్ని పంపారు. గోడలు మరీ దగ్గరగా ఉండటంతో దృశ్యం జోరుగా పరుగెత్తింది. పట్టుకు తిరిగొచ్చిన ఈగలు దాదాపు రెండువందల మీటర్లు తిరిగొచ్చినట్లు నాట్యం చేశాయి పాపం!

మసిపట్టిన ఈగలు

యుద్ధం మిగిల్చిన మరో శిష్యుడి గురించి చెప్పుకోవాలి. మార్టిన్ లిండావర్ జర్మన్ సైనికుడు. 1942లో రష్యా యుద్ధరంగంలో గాయపడి మ్యూనిక్ చేరాడు. వైద్యుడి సలహాతో ఓరోజు ఫ్రిష్ పాఠం వినడానికి వెళ్లాడు. ఇక ఆ గది వదల్లేదు.

1949లో ఆయన ఓ చెట్టుకొమ్మకు వేలాడుతున్న ఈగల గుంపును చూశాడు. పాత పట్టు ఇరుకైతే ముసలిరాణి సగానికి పైగా ఈగల్ని వెంటేసుకుని బయటికి వచ్చేస్తుంది. కొత్త ఇల్లు దొరికేదాకా అవన్నీ కొమ్మకు గుత్తిలా వేలాడతాయి. ఆ గుత్తిమీద కొన్ని ఈగలు నాట్యం చేస్తున్నాయి. కానీ వాటి ఒంటిమీద పుప్పొడి లేదు. ఒకటి మసికొట్టుకుని ఉంది. ఇంకోదానికి ఎర్రటి ఇటుకపొడి. మరోదానికి తెల్లగా పిండి! లిండావర్ ఒక్కోదాన్నీ దులిపి వాసన చూశాడు. బాంబులకు కూలిన నగరంలో పొగగొట్టాల్లో, గోడల పగుళ్లలో, పిండి డబ్బాల్లో దూరి ఇల్లు వెతుక్కొస్తున్నాయవి. తిండికే కాదు, ఇంటికి కూడా ఈ నాట్యమే అడ్రసు.

మరి పది ఈగలు పది ఇళ్లు చెబితే? అమెరికా శాస్త్రవేత్త థామస్ సీలీ చెట్లు లేని ఆపిల్‌డోర్ దీవిలో పెట్టెలు పెట్టి ఈ తగువును తీరిగ్గా చూశాడు. మంచి చోటు చూసొచ్చిన ఈగ ఎక్కువసేపు నాట్యం చేస్తుంది, ఎక్కువమందిని లాగుతుంది. నాసిరకం చోటు చూసొచ్చింది త్వరగా మానేస్తుంది. అదొక్కటే కాదు, రెండు చోట్లూ సమానంగా ఉంటే ఒక వర్గం ఈగలు అవతలి వర్గం నాట్యగత్తె దగ్గరికి వెళ్లి తలతో ఢీకొట్టి ‘బీప్’మంటాయి... ఇక ఆపమని! రెండు చోట్లకూ వచ్చిన ఈగలకు పసుపు, గులాబీ రంగులు పూసి చూసినప్పుడు ఈ సంగతి బయటపడింది. 2012లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఏదో ఒక చోట ఇరవై, ముప్పై ఈగలు ఒకేసారి జమకూడితే అదే ఖాయం. గుంపంతా అక్కడికి లేస్తుంది. రాణి ఓటు అడగరు.

మన జుంటి, మన కొండ తేనె

లిండావర్ ఆ తర్వాత సింహళం కూడా వచ్చాడు. ఐరోపావాళ్లకు ఒక్క జాతే, మన దగ్గర మూడు మరి! చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పెంపకం పెట్టెల్లో ఉండే పుట్టతేనె ఈగ. పొదల్లో కంచెల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న జుంటి ఈగ. మర్రికొమ్మలకూ, కొండచరియలకూ, ఇప్పుడు అపార్టుమెంట్ల సజ్జలకూ పెద్దపెద్ద పట్లు వేలాడదీసే కొండ తేనెటీగ. నల్లమలలో చెంచులు తాళ్లు కట్టుకుని లోయల్లోకి దిగి తీసే తేనె దీనిదే.

జుంటి ఈగ కొమ్మను చుట్టి పట్టు పెడుతుంది కాబట్టి పైన చిన్న అరుగులాంటి చోటు ఉంటుంది. నాట్యం అక్కడే, ఆరుబయట. లెక్కలేమీ లేవు, సూర్యుణ్ని చూస్తూ వెళ్లాల్సినవైపే వేలు చూపినట్లు నడుస్తుంది. చీకట్లో, నిలువు గోడమీద చెప్పే భాష ఇలాంటి సూటి సైగలోంచే పుట్టి ఉండొచ్చని లిండావర్ అనుకున్నాడు.

ఈ మూడింటి దూరం లెక్కలూ ఒకటి కావు. బెంగళూరు శాస్త్రవేత్తలు జర్మన్ మిత్రులతో కలిసి దక్షిణ భారతంలో వీటిని పోల్చి 2020లో వివరాలు ప్రచురించారు. ఒకే దూరానికి పుట్టతేనె ఈగ అందరికంటే ఎక్కువసేపు తోక ఊపుతుంది. కొండ ఈగ అతి తక్కువసేపు ఊపుతుంది. జుంటిది మధ్యస్తం. కారణం చూస్తే ముచ్చటేస్తుంది. పుట్టతేనె ఈగ ఇంటి చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి కొద్దిపాటి తేడానూ విడమర్చి చెప్పగలదు. కొండ ఈగ చాలా దూరాలు పోతుంది. అదీ అలాగే విడమర్చి చెప్పాలంటే నాట్యానికే పొద్దు గుంకిపోతుంది! వీధి చివర కొట్టుకు దారి చెప్పేటప్పుడు అడుగులు లెక్కపెడతాం, హైదరాబాద్‌కు చెప్పేటప్పుడు ‘రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావ్’ అంటాం. అలాంటిదే ఇదీ.

పెద్దలు చెప్పకపోతే...

ఈ నాట్యం పుట్టుకతో వచ్చే విద్యేనని చాలాకాలం అనుకున్నారు. చైనా, అమెరికా పరిశోధకులు 2023లో ఓ ప్రయోగం చేశారు. అన్నీ చిన్న ఈగలే ఉండేలా కొన్ని పెట్టెలు తయారుచేశారు. నేర్పడానికి, చూసి నేర్చుకోవడానికి ఒక్క పెద్ద ఈగా లేదు. వయసొచ్చాక అవీ నాట్యం చేశాయి. కానీ అంతా తడబాటు. దిక్కు తప్పింది, దూరం తప్పింది. అనుభవం మీద దిక్కు సర్దుకుంది. దూరం లెక్క మాత్రం బతికినన్నాళ్లూ తప్పుగానే ఉండిపోయింది.

రైతులు పట్టించుకోవాల్సిన సంగతి ఇక్కడే ఉంది. మందు కొడితే ఈగ చచ్చిపడటం అందరికీ కనిపిస్తుంది. చావని ఈగ సంగతేమిటి? పత్తిరైతులకు బాగా తెలిసిన ఇమిడాక్లోప్రిడ్‌ను ప్రాణానికి ప్రమాదం లేనంత కొద్ది మోతాదులో ఈగలకు పట్టించి చూశారు. అవి బాగానే తిరిగాయి, కానీ నాట్యాలు బాగా తగ్గిపోయాయని 2012లో తేలింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఇదే కోవకు చెందిన థయామెథాక్సమ్ పెట్టిన ఈగల వీపుమీద చిప్ అతికించి పంపితే, చాలా ఈగలు ఇంటికి తిరిగి రాలేదు. ఈ రెండింటినీ, క్లోథయానిడిన్‌నూ ఆరుబయలు పొలాల్లో వాడకూడదని 2018లో ఐరోపా సమాఖ్య నిషేధించింది.

ఇప్పుడు నాట్యాన్ని తిరగేసి కూడా వాడుకుంటున్నారు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండేళ్లపాటు గాజుపెట్టెల ముందు కెమెరాలు పెట్టి ఐదువేలకు పైగా నాట్యాలు చదివారు. ఒక్కో నాట్యాన్నీ పటంమీద చుక్కగా పెట్టుకుంటూ పోతే, చుట్టూ ఉన్న 94 చదరపు కిలోమీటర్ల నేలలో ఈగలకు ఏ చోటు ఇష్టమో, ఏది పనికిరాదో తేలిపోయింది. పూలగడ్డి ఉన్న ఓ సంరక్షిత కొండకు అన్నిటికంటే ఎక్కువ చుక్కలు పడ్డాయి. వసంతంలో దగ్గర్లోనే ఆగిన చుక్కలు, వేసవి నడిమికి వచ్చేసరికి కిలోమీటర్లకు కిలోమీటర్లు జరిగిపోయాయి. దగ్గర్లో పూలు అయిపోయాయని సర్వే అధికారి కంటే ముందు ఈగలే చెప్పాయి.